సీరియల్ ప్రింటరు: పాత కంప్యూటరుతో దానిని నమ్మకముగా పని చేయించు విధము

మన నారాయణపేటలో పెరిగిన విద్యార్థికి మగ్గమును గూర్చి చెప్పవలసిన పని లేదు. పడుగు పోగులు వందలకొలదిగా ప్రక్కప్రక్కన ఒక్కసారి చాపబడి యుండును. పేక పోగు మాత్రము నాడెతో గూడ ఇటునుండి అటును, అటునుండి ఇటును పోవుచు, ఒక వరుస పిమ్మట మఱియొక వరుసగా చీరను నింపును. కంప్యూటరు నుండి ప్రింటరునకు అక్షరములు పోవు మార్గములును ఇట్లే రెండు విధములు. ఎనిమిది తీగలపై ఎనిమిది బిట్టులను ఒక్కమాఱు పంపునది పారలల్ పద్ధతి. అది పడుగు వంటిది. ఒకే తీగపై బిట్టు వెంట బిట్టును పంపునది సీరియల్ పద్ధతి. ఇది పేక వంటిది. ఈ వ్యాసము రెండవదానిని గూర్చినది.

ఇప్పటి క్రొత్త కంప్యూటరులలో సీరియల్ పోర్టు అరుదైనది. ఐనను పాత యంత్రమును, దానితో వచ్చిన ప్రింటరును పాఱవేయక వాడుకొనువారు నేటికిని కలరు. నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి పరికరము దొరకదు, ఏలయన ఇందు ప్రతి తీగను వ్రేలితో తాకి చూడవచ్చును. విషయము చిన్నదిగా తోచవచ్చును గాని, దీనిపై ఆధారపడునది చిన్నది కాదు. ప్రింటరు పూర్తిగా నిలిచిపోయిన యెడల అందఱకును తెలియును. అది పని చేయుచున్నట్లే యుండి నడుమ ఒక పంక్తిని విడిచిన యెడల ఎవ్వరికిని తెలియదు. పరీక్షకు పోవలసిన పిల్లల నామావళిలో అట్టి పంక్తి జాఱిపోయినచో, ఆ పిల్లవాని పేరు లేకయే కాగితము సంతకమునకు పోవును. కంప్యూటరు లోపల లెక్క సరిగానే యుండును. తప్పు కాగితముపై మాత్రమే యుండును. కార్యాలయములలో చెల్లునది కాగితమే కదా.

సీరియల్ పద్ధతి తంతివార్తల కాలమునాటిది. వేగమును కొలుచు 'బాడ్' అను మాటయే, 1874 లో ముద్రణ తంతియంత్రమునకు పేటెంటు పొందిన ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఎమిల్ బోడో పేరునుండి వచ్చినది. హైదరాబాదున 1967 లో స్థాపింపబడిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1969 లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. ఆ కాలపు చిన్న కంప్యూటరులతో మనుష్యులు సంభాషించుట సాధారణముగా టెలిటైపు మూలముననే. టెలిటైపు అనగా సీరియల్ తీగపై వచ్చిన అక్షరమును సుత్తివలె కాగితముపై కొట్టు యంత్రము. అది 110 బాడ్ వేగమున సెకనునకు పది అక్షరములు కొట్టెడిది. ఒక్కొక్క అక్షరమునకు పదునొకండు బిట్టులు. అందు చివరి రెండు బిట్టుల కాలము ఊరక విడుచుట, ఇనుప మీటలు తిరిగి తమ చోటికి చేరుకొనుటకే. నేటికిని సీరియల్ పోర్టు అమరికలో 'స్టాప్ బిట్టులు ఒకటా, రెండా' అని అడుగుటకు మూలము ఆ మీటలే యని తెలిసినచో ఆ ప్రశ్న విసుగు పుట్టింపదు.

పారలల్ తీగ నాలుగైదు మీటరులు దాటినచో నమ్మదగినది కాదు. సీరియల్ తీగ నియమము ప్రకారము పదునైదు మీటరులు, వేగము తగ్గించినచో అంతకంటెను దూరము పోగలదు. పైగా తీగలును తక్కువ. కావుననే ఒక పెద్ద కంప్యూటరునుండి అనేక కౌంటరులకు మాటలు పోవలసిన చోటులలో సీరియల్ తీగలే వాడబడినవి. 1994 లో సికిందరాబాదున మొదట అమలైన 'కన్సర్ట్' అను రైల్వే రిజర్వేషను ఏర్పాటు అట్టి పెద్ద పద్ధతులలో ఒకటి. తీగపై విద్యుత్తు ఎట్లుండవలెనో నిర్ణయించు నియమావళికి ఆర్.ఎస్.-232 అని పేరు. అది 1960 లో అమెరికాలో వెలువడి, 1969 లో 'సి' అను సవరణను పొందెను. 1981 లో వచ్చిన ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరును, దానిని పోలి పుట్టిన తక్కినవియు ఈ సవరణనే అనుసరించినవి.

ఇక ఒక అక్షరము తీగపై పోవు తీరును చూతము. ఏమియు పంపనప్పుడు తీగపై ఋణ విద్యుత్తు నిలిచియుండును. సాధారణముగా అది ఋణ పండ్రెండు వోల్టులకు దగ్గరగా నుండును. ఋణ మూడు వోల్టులకు దిగువ నున్నది 'ఒకటి' అనియు, ధన మూడు వోల్టులకు ఎగువ నున్నది 'సున్న' అనియు గ్రహింపవలయును. ఆ రెంటి నడిమిది ఏదియు కాదు. అక్షరము బయలుదేఱునప్పుడు మొదట ఒక సున్న పోవును. అది 'వచ్చుచున్నాను, సిద్ధముగా నుండుము' అని తెలుపు స్టార్ట్ బిట్టు. పిమ్మట అక్షరపు బిట్టులు చిన్న విలువ గలదానితో మొదలిడి వరుసగా పోవును. ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరము సంఖ్య 65; కావున తీగపై సున్న, పిమ్మట 1, 0, 0, 0, 0, 0, 1, 0, చివర స్టాప్ బిట్టుగా 1 కనబడును. మొత్తము పది బిట్టులు. అనగా 9600 బాడ్ వేగమున సెకనునకు 960 అక్షరములు పోవును. వేగము, అక్షరపు బిట్టుల సంఖ్య, పారిటీ, స్టాప్ బిట్టులు అను నాలుగు విషయములలో ఇరుపక్షములు ఏకీభవింపవలయును. ఏకీభవింపనిచో కాగితముపై వింత గుర్తులు పడును. ఇది సులభమైన జబ్బు; కంటికి కనబడును, ప్రింటరు వెనుకనుండు చిన్న స్విచ్చులను సరి చేసినచో పోవును. ఆ స్విచ్చులను మార్చిన పిమ్మట ప్రింటరును ఒకసారి ఆర్పి వెలిగింపవలయును. చాల యంత్రములు వెలిగినప్పుడు మాత్రమే వానిని చదువుకొనును.

కష్టమైన జబ్బు వేఱొకటి కలదు. దానిని లెక్కతో చూచినగాని అర్థము కాదు.

ఒక ప్రింటరు సెకనునకు 100 అక్షరములు అచ్చువేయు ననుకొందము. దాని లోపల 2048 అక్షరములు పట్టు నిలువ కలదు. కంప్యూటరు 9600 బాడ్ వేగమున 960 అక్షరములు పంపుచున్నది. ప్రతి సెకనునకు 860 అక్షరములు మిగిలి నిలువలో చేరును. 2048 ని 860 చే భాగించినచో, రెండున్నర సెకనులు గడవకముందే నిలువ నిండును. అప్పటికి పంపబడినవి సుమారు 2286 అక్షరములు; పంక్తికి ఎనుబది చొప్పున 28 పంక్తులు. ఆపై వచ్చినవానిలో పదింట ఒకటి మాత్రమే లోనికి పోగలదు, తక్కినవి నేలపాలు. యంత్రపు లోపలి యేర్పాటును బట్టి కొన్నిట అక్షరములు కలగాపులగ మగును. కొన్నిట పంక్తులకు పంక్తులే మాయమగును.

ఇందు గమనింపవలసినది ఆ 28 పంక్తులే. బాగుచేయ వచ్చిన మెకానిక్కు ఇరువది పంక్తుల ఉత్తరము నొకదానిని అచ్చువేసి చూపి, 'పని చేయుచున్నది' అని చెప్పి పోవును. అతడు అబద్ధమాడలేదు. వేగమును 1200 బాడ్‌కు తగ్గించినచో జబ్బు ఇంకను లోతునకు పోవును. అప్పుడు వచ్చునవి సెకనునకు 120, అచ్చు పడునవి 100, మిగులునవి 20. నిలువ నిండుటకు 102 సెకనులు పట్టును. అంతలో 153 పంక్తులు సరిగా పడును. పుటకు 66 పంక్తులైనచో రెండు పుటలు నిర్దోషముగా ముగిసి, మూడవ పుటలో తప్పు మొదలగును. మూడవ పుటను ఎవరు సరిచూతురు?

దీనికి మందు ఒక్కటే. నిలువ నిండుచుండగా ప్రింటరు 'ఆగుము' అనవలయును. కంప్యూటరు ఆ మాటను వినవలయును. తరగతిలో ఉక్తలేఖనము జరుగునప్పుడు వెనుకబడిన బాలుడు చేయి యెత్తును. ఉపాధ్యాయుడు చూచి ఆగును. బాలుడు చేయి దింపిన పిమ్మట మరల చెప్పును. ప్రింటరులకు ఇట్లు చేయి యెత్తు విధములు ముఖ్యముగా రెండు. మొదటిది, ప్రత్యేకమైన ఒక తీగపై విద్యుత్తును ధనమునుండి ఋణమునకు మార్చుట. ఈ తీగకు డి.టి.ఆర్. అని పేరు, ఇరువదియైదు పిన్నుల ప్లగ్గులో ఇది 20వ పిన్ను. కొన్ని ప్రింటరులలో 11వ పిన్ను ఈ పని చేయును. రెండవది, మాటలాడు తీగపైననే కంప్యూటరునకు ఒక సంకేతాక్షరమును తిప్పి పంపుట. సంఖ్య 19 గల అక్షరము వచ్చినచో ఆగవలయును, 17 గల అక్షరము వచ్చినచో సాగవలయును. వీనిని ఎక్సాఫ్, ఎక్సాన్ అందురు.

రెండు పద్ధతులును మంచివే. కాని పాత డాస్ కంప్యూటరు తనంతట తాను ప్రింటరునకు పంపునప్పుడు రెండవదానిని వినదు. దాని లోపల శాశ్వతముగా వ్రాయబడిన బయోస్ అను ఆజ్ఞావళి, ప్రతి అక్షరమునకు ముందు సి.టి.ఎస్., డి.ఎస్.ఆర్. అను రెండు తీగలను చూచును. ఆ రెంటిపైనను ధన విద్యుత్తు ఉన్నప్పుడే అక్షరమును పంపును. లేనిచో కొంత తడవు వేచి, తప్పు తెలుపును. 19వ సంఖ్య వచ్చినచో అది ఎవరి కొఱకు వచ్చినదో దానికి తెలియదు. కావున ప్రింటరును ఎక్సాఫ్ పద్ధతిలో నుంచి, డాస్‌తో పని చేయింప జూచుట, కన్నులు మూసికొన్న ఉపాధ్యాయుని యెదుట చేయి యెత్తుటయే. ఎక్సాఫ్‌ను వినునట్లు ప్రత్యేకముగా వ్రాయబడిన ప్రోగ్రాములు కొన్ని కలవు. అవి వాడునప్పుడు వాని సంగతి వేఱు.

ఇప్పుడు కేబులు. కంప్యూటరును, ప్రింటరును రెండును ఒకే జాతి పరికరములుగా అమర్చబడినవి; రెంటిలోను 2వ పిన్ను మాటలాడును, 3వ పిన్ను వినును. నోటికి నోరు కలిపినచో సంభాషణ జరుగదు. కావున ఇరువదియైదు పిన్నుల ప్లగ్గులు రెండు వైపుల నున్నప్పుడు ఒకదాని 2 మఱియొకదాని 3 నకు పోవలయును, 3 వచ్చి 2 నకు చేరవలయును. 7వ పిన్ను ఇరువైపులకును సామాన్యమైన భూమి తీగ. అది 7 నుండి 7 నకే. తరువాత ప్రింటరు 20వ పిన్నునుండి (లేక 11వ దానినుండి) ఒక తీగ వచ్చి కంప్యూటరు వైపున 5, 6 పిన్నులు రెంటికిని కలియవలయును. అట్లే కంప్యూటరు 20వ పిన్ను నుండి పోయిన తీగ ప్రింటరు వైపున 5, 6, 8 పిన్నులను తాకవలయును. 1984 నాటి ఐ.బి.ఎమ్. ఏ.టి. మొదలుకొని వచ్చిన తొమ్మిది పిన్నుల ప్లగ్గులో సంఖ్యలు మాఱినవి: అందు మాటలాడునది 3, వినునది 2, భూమి 5, డి.టి.ఆర్. 4, డి.ఎస్.ఆర్. 6, సి.టి.ఎస్. 8. కాబట్టి అట్టి కంప్యూటరునకు 3 నుండి ప్రింటరు 3 నకును, 2 నుండి 2 నకును నేరుగా పోవును. ప్రింటరు 20 వచ్చి కంప్యూటరు 8, 6 లకు చేరును. ఇది చూచి తికమకపడువారు అనేకులు. వేఱొక హెచ్చరిక: కంప్యూటరు వెనుక ఇరువదియైదు రంధ్రములు గలది పారలల్ పోర్టు, ఇరువదియైదు పిన్నులు బయటికి పొడుచుకొని యున్నది సీరియల్ పోర్టు. సీరియల్ తీగలోని పండ్రెండు వోల్టులను పారలల్ పోర్టుపై పెట్టినచో అది చెడిపోవచ్చును.

అంగళ్లలో మూడు తీగల కేబులు అని యొకటి దొరకును. అందు 2, 3, 7 మాత్రమే యుండును. దానితో కంప్యూటరు ఊరకుండదు గదా, సి.టి.ఎస్. తీగ కొఱకు వేచియుండును. అందులకై ఆ కేబులు చేయువారు కంప్యూటరు వైపు ప్లగ్గులోనే 4వ పిన్నును 5 నకును, 20వ పిన్నును 6, 8 లకును చిన్న తీగతో ముడివేయుదురు. కంప్యూటరు 'పంపవచ్చునా?' అని అడుగును; ఆ ప్రశ్నయే చుట్టి వచ్చి 'పంపవచ్చును' అను జవాబగును. ఈ ఉపాయము మోడెము మొదలగు కొన్ని పరికరములను పరీక్షించుటకు పనికివచ్చును. ప్రింటరు విషయములో ఇది చేయి యెత్తిన బాలుని చేతిని కట్టివేయుట. నా యభిప్రాయములో సీరియల్ ప్రింటరులపై వచ్చిన ఫిర్యాదులలో పెక్కింటికి మూలము యంత్రము కాదు, ఈ ముడియే. కేబులు ప్లగ్గును విప్పి చూచుటకు రెండు మరలు తిప్పిన చాలును. ఐనను ప్రింటరును మార్చుదురు గాని ప్లగ్గును విప్పి చూడరు.

కేబులు సరియైన పిమ్మట కంప్యూటరునకు చెప్పవలసిన ఆజ్ఞలు రెండే. వీనిని ఇంగ్లీషు లిపిలో టైపు చేయవలయును. ఇచట ఉచ్చారణను మాత్రము ఇచ్చుచున్నాను. మొదటిది: మోడ్ కామ్1:9600,ఎన్,8,1,పి. ఇందు 'ఎన్' అనగా పారిటీ లేదు. 8 అక్షరపు బిట్టులు. 1 స్టాప్ బిట్టు. చివరనున్న 'పి' అను ఒక్క అక్షరమును పలువురు విడుతురు. అది లేనిచో, ప్రింటరు కొంచెము సేపు ఆగమన్నంతనే డాస్ ఓపిక నశించి, 'అబార్ట్, రీట్రై, ఇగ్నోర్' అని తెరపై అడుగును. తెలియనివాడు 'ఇగ్నోర్' నొక్కును, అక్షరము పోవును. 'పి' ఉన్నచో డాస్ ఎంతసేపైనను వేచి యుండును. రెండవ ఆజ్ఞ: మోడ్ ఎల్.పి.టి.1:=కామ్1: అనునది. ప్రోగ్రాములు పారలల్ పోర్టునకు పంపినదానిని ఇది సీరియల్ పోర్టునకు మళ్లించును. రెంటిని ఈ వరుసలోనే ఆటోఎగ్జెక్ అను ఫైలులో వ్రాసి యుంచినచో, కంప్యూటరు వెలిగినప్పుడెల్ల తామే అమలగును. ప్రోగ్రాము బయోస్‌ను అడుగక పారలల్ పోర్టును నేరుగా తాకునదైనచో మాత్రము ఈ మళ్లింపు సాగదు. ఆ ప్రోగ్రాము అమరికలోనే సీరియల్ పోర్టును ఎన్నుకొనవలయును.

ఎనిమిది బిట్టులు అని చెప్పితిమి. ఇంగ్లీషు అక్షరములకు ఏడు బిట్టులు చాలును గనుక పాత ప్రింటరులు కొన్ని ఏడింటికే అమర్చబడి యుండును. ఇంగ్లీషు ఉత్తరము చక్కగా పడును. తెలుగు వ్రాసినచో పాడగును. ఇది మనకు ముఖ్యమైనది గాన కొంత వివరింతును. డాట్ మాట్రిక్స్ ప్రింటరునకు సాధారణముగా తెలుగు అక్షరములు తెలియవు. కంప్యూటరే అక్షరమును చుక్కల బొమ్మగా గీసి, నిలువు వరుస వెంట నిలువు వరుసగా పంపును. ఒక్కొక్క నిలువు వరుసకు ఎనిమిది చుక్కలు, ఎనిమిది బిట్టులు. ఎప్సన్ తరహా ప్రింటరులలో పై చుక్కకు విలువ 128. అదియే ఎనిమిదవ బిట్టు. ఏడు బిట్టులు మాత్రమే పోయినచో ప్రతి పట్టీలోను పైచుక్కల వరుస తెగిపోవును. తలకట్టులు, గుడులు పైనుండును గదా. ఇంగ్లీషువానికి కానరాని గాయము మన లిపికి తలపైననే తగులును.

అంతటితో పోదు. బొమ్మకు ముందు 'ఇన్ని నిలువు వరుసలు వచ్చును' అని ప్రింటరునకు సంఖ్య చెప్పవలయును. పంక్తికి 480 వరుస లనుకొందము. ఆ సంఖ్య 256 చొప్పున విభజింపబడి, 1 అనియు 224 అనియు రెండు భాగములుగా పోవును. 224 లో ఎనిమిదవ బిట్టు పోయినచో మిగులునది 96. అప్పుడు ప్రింటరు 256 నకు 96 చేర్చి, 352 వరుసలే వచ్చునని తలచును. మిగిలిన 128 బొమ్మ కాక, అక్షరములని యెంచి అడ్డదిడ్డముగా కొట్టును. పంక్తికి మూడు పాళ్లు కొంచెము తెగిన తెలుగు, చివర పిచ్చి గుర్తులు కనబడినచో, ఏడు బిట్టుల దోషమని వెంటనే గ్రహింపవచ్చును. పుణేలోని సీ-డాక్ సంస్థవారి జిస్ట్ కార్డు మొదలగు సాధనములతో డాస్ కంప్యూటరులు తెలుగు వ్రాయ నేర్చిన దినములలో ఇట్టి జాగ్రత్త అవసరమయ్యెను.

వేగము తగ్గించినచో ఆగుమను తీగతో పని లేదు గదా యని తెలివిగల బాలుడు అడుగవచ్చును. 300 బాడ్‌తో సెకనునకు 30 అక్షరములే వచ్చును, ప్రింటరు 100 కొట్టగలదు, నిలువ నిండదు. నిజమే. కాని 5280 అక్షరముల పుటకు మూడు నిమిషములు పట్టును. తెలుగు పంక్తి నొకదానిని మూడు పట్టీలుగా పంపినచో 1440 సంఖ్యలు. ఆ వేగమున ఒక్క పంక్తికే 48 సెకనులు. ఓపికతో అదియు సహింతము. కాగితము అయిపోయినప్పుడు ఏమి చేయుదుము? ప్రింటరు నిలిచి యుండును. తీగపై అక్షరములు, నెమ్మదిగానైనను, వచ్చుచునే యుండును. వేగము తగ్గించుట రిబ్బను చిక్కుకొన్నప్పుడును, కాగితము మార్చునప్పుడును కాపాడదు.

భూమి తీగను గూర్చి ఒక మాట. మన ప్రాంతపు ఎఱ్ఱనేల వేసవిలో ఎండి రాయియగును. ఎర్తింగు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయుచుండనిచో అది పేరునకు మాత్రమే ఎర్తింగు. కంప్యూటరు ఒక గదిలో, ప్రింటరు మఱియొక గదిలో, వేఱువేఱు ఎర్తింగులపై నున్నచో, రెంటి భూములు ఒకటి కావు. ఆ భేదము కేబులులోని 7వ తీగపై ప్రవహించి అక్షరములను చెఱచును, ఒక్కొక్కప్పుడు పోర్టునే కాల్చును. రెంటిని ఒకే బోర్డునకు కలుపుట మేలు. తొలకరి ఉఱుములు వినబడినంతనే పొడవైన సీరియల్ కేబులును ఊడదీయవలయును. స్విచ్చు ఆర్పినంత మాత్రమున చాలదు. నేటి కంప్యూటరునకు యు.ఎస్.బి. మూలముగా సీరియల్ తీగను కల్పించు చిన్న పరికరములు దొరకుచున్నవి. వానిలో చౌకవి కొన్ని పూర్తి వోల్టులను ఇయ్యవు, కొన్ని సి.టి.ఎస్. తీగను కలుపనే కలుపవు. కొనునప్పుడే అడిగి తెలిసికొనవలయును.

పరీక్షించు విధము చెప్పి ముగింతును. మొదట కేబులు లేకయే ప్రింటరు తన పరీక్షను తాను చేసికొనునట్లు చూడుడు. చాల యంత్రములలో లైన్ ఫీడ్ మీటను నొక్కిపట్టి వెలిగించినచో తనకు తెలిసిన అక్షరములన్నియు అచ్చువేయును. అది సరియైనచో మల్టీమీటరుతో 7వ పిన్నునకును 2వ పిన్నునకును నడుమ కొలువుడు. ఇరువైపుల యంత్రములలోను ఋణ వోల్టులు కనబడవలయును. కనబడని యంత్రము మాటలాడుట లేదు. పిమ్మట కేబులు తగిలించి, ప్రింటరు ఆన్‌లైను మీటను నొక్కి ఆఫ్ చేసి, కంప్యూటరునుండి ఒక పెద్ద ఫైలును పంపుడు. కంప్యూటరు తప్పు చెప్పక వేచియున్నచో మంచిది. ఫైలంతయు పోయినట్లు చూపి వెంటనే తిరిగి వచ్చినచో, ఎచటనో ముడి యున్నదని యెఱుగుడు. కడపట, బేసిక్ ప్రోగ్రాముతో 1 మొదలు 500 వఱకు, పంక్తికి ఒక సంఖ్యయు దాని ప్రక్క డెబ్బది చుక్కలును ఉండునట్లు అచ్చువేయుడు. అచ్చు నడుచుచుండగా రెండు మూడు మాఱులు ఆన్‌లైను మీటను ఆర్పి వెలిగింపుడు. ఒకసారి కాగితమును అయిపోనిండు. ఎనిమిది పుటలు వచ్చును. వానిని బల్లపై పఱచి, ఇద్దఱు కూర్చుండి, ఒకరు సంఖ్యలను చదువుచుండగా మఱియొకరు వ్రేలితో చూచుచు, ఏ సంఖ్యయైన తప్పినదేమో కనుగొనుడు. ఐదువందలును వరుసగా నున్న దినముననే ఆ ప్రింటరుపై నామావళిని వేయవచ్చును.